వేలిముద్రకి పైన

కనిగిరి బస్టాండు ఎదురుగా
మెట్ల కింద ఇరుకు గది, నా డీటీపీ షాపు.
పెళ్లిపత్రికలు, పొలం కాగితాలు,
కోడిగుడ్ల హోల్‌సేల్ బిల్లుపుస్తకాలు.
వీటి మధ్యకి ఒక మధ్యాహ్నం
చెప్పులు బయట విప్పి వచ్చింది కృపావరం మేడం.
వేసుకునే రండమ్మా, గుడి కాదుగా అన్నాను.
"నీ మిషన్లకి దుమ్ము పడదు గదా" అంది.

చేతిలో నాలుగు పేజీలు.
'ఈ ఔషధ పరీక్షయందు పాల్గొనుటకు
స్వచ్ఛందముగా, సంపూర్ణ అవగాహనతో...'
అడుగున వేలిముద్రకి గీసిన చదరం.
"అర్థమైందా మాలకొండయ్యా?"
టైపు కొట్టేవాడికి అర్థంతో పనేంది మేడం?
నవ్వలేదు.
మూల కూచుని వేరుశెనక్కాయలు ఒలిచే మా అమ్మవైపు తిరిగి
మొత్తం చదివింది, నిదానంగా.
అమ్మ ఒలవడం ఆపలేదు.
"ఏందమ్మా అది, కోర్టు నోటీసా?"

ఆ రోజు మొదలు.
'యాదృచ్ఛిక పద్ధతి' పోయి 'చీటీ వేసి' వచ్చింది.
'ప్రతికూల ప్రభావాలు' పోయి
'వాంతులు కావచ్చు, కళ్లు తిరగచ్చు,
వెయ్యికి ఒకరికి ప్రాణం మీదికే రావచ్చు.'
ఆ చివరి ముక్క తీసెయ్యమని
కంపెనీ ఆయన ఒంగోలు నుంచి కారేసుకొచ్చాడు.
మేడం కుర్చీ చూపించింది, నీళ్లిచ్చింది,
ముక్క తియ్యలేదు.

ఒక్క మాటని మాత్రం తిరగరాసి తిరగరాసి నా ప్రాణం తీసింది:
'వద్దనుకుంటే ఎప్పుడైనా లేచి పోవచ్చు.
మీ వైద్యం ఆగదు. ఎవరూ మొహం చిట్లించరు.'
పదకొండోసారికి
మా అమ్మ "ఊఁ" అంది.

ఢిల్లీ కమిటీల్లో కూచునేదట.
పిల్ల డాక్టర్లకి పాఠాలు చెప్పేదట, వాళ్లు లేచి నిలబడేవారట.
ఆమె పుస్తకం వెనక అట్టకి ఫొటో నేనే స్కాన్ చేశా,
లోపలేముందో నాకు తెలీదు.
నాకు తెలిసింది ఒక రేకు పెట్టె.

ముప్పయ్యేళ్ల కిందట, కొత్త డాక్టరుగా,
ఫ్లోరైడు బావుల ఊళ్లు తిరిగి
నూట పద్నాలుగు మంది రక్తం
సీసాలకెత్తుకుని పోయింది.
వ్యాసం అచ్చయింది. పేరొచ్చింది.
ఫలితం మాత్రం ఏ గుమ్మానికీ తిరిగి రాలేదు.
"వాళ్లు అడగలేదు గదా అనుకున్నానయ్యా.
అడగొచ్చని చెప్పాల్సింది నేనే."

రిటైరైన నెలలో మనిషికో కాగితం టైపు చేయించింది,
పెద్ద పెద్ద అక్షరాల్లో. నన్నూ తోడు రమ్మంది.
మే ఎండ. ట్యాంకరు కాడ బిందెల వరస.
దొరికింది నలభై ఒక్క మంది.
నడుం వంగిపోయిన సింగరమ్మ
తలెత్తలేక మేడం చెప్పులతో మాట్లాడింది.
"సూది గుచ్చిన పిల్లవి నువ్వేనా?
బిస్కట్ పొట్లం ఇచ్చినావు."

మిగతా చోట్ల కొడుకులు, కోడళ్లు, తాళాలు.
తిరుపాలు కొడుకు కాగితం రెండువైపులా తిప్పి చూసి
"ఇప్పుడు చెప్తే ఏం లాభం?" అన్నాడు.
ఆమె దగ్గర జవాబు లేదు.
"ఈ మాట రాసుకోవచ్చా నాయనా?" అని అడిగింది.
చాలాసేపు చూశాడు.
"రాసుకో" అన్నాడు.
లోపలికి పోయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చాడు,
కొనుక్కున్న క్యాను నీళ్లు.

మేడం పోయి రెండేళ్లు.
సంతాప సభ పోస్టరు నేనే వేశా,
'వైద్యనీతి' అని రాస్తే అమ్మ అడిగింది, అంటే ఏందిరా అని.
చెప్పబోయి ఆగిపోయాను.

మొన్న అమ్మ కంటి ఆపరేషన్, నెల్లూరులో.
నర్సు ఇంకుప్యాడు తెరిచింది.
"ఇక్కడ వేలు పెట్టు అవ్వా, టైమైంది."
అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని
పమిట చెంగులో దాచుకుంది.
"ముందు పైనున్నది చదువమ్మా."

ఆ పిల్ల గడియారం చూసింది, నన్ను చూసింది,
స్టూలు లాక్కుని కూచుని మొదలుపెట్టింది.
రెండో వాక్యం కాడే అమ్మ ఆపింది.
"ఏందమ్మా అది, కోర్టు నోటీసా?"
వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.
ఇంకెవరో బెంచీ మీంచి లేచి
కాస్త దగ్గరికి జరిగారు, వినబడేట్టు.